అరవైలో మూడు

1998. హోసూరు దగ్గర ఒక బడి. తెల్లవారితే ప్లస్ టూ ప్రాక్టికల్ పరీక్ష. కూతురు రంజిత రికార్డు పుస్తకాన్ని జీవశాస్త్రం సారు కేశవప్ప ముందు తెరిచిపెట్టి, నాగరత్నం నిలబడే ఉంది.

“ఈ ఎర్రగీత ఎవరు గీసింది సార్?”

“నేనేనమ్మా. కూర్చోండి.”

“కూర్చునేకి రాలేదు. సంతకం లేకుంటే రేపు పరీక్షకి రానీరంట. నిజమేనా?”

“బొమ్మ మళ్ళా వేసుకొని రమ్మనండి, పెడతాను. కణవిభజనలో నాలుగు దశలు. మీ కూతురు ఏం వేసింది? అరవై గళ్ళు, దాదాపు అన్నిట్లో ఒక్కొక్క చుక్క. విడిపోయేవి మూడంటే మూడు.”

“చూసింది వేసింది.”

“పుస్తకంలో అట్ల లేదు.”

“పుస్తకంలో విడిపోయేవే ఏరి వేసింటారు. ఉల్లిగడ్డ వేరుకొనలో కణాలన్నీ ఒకేసారి విడిపోతాయా సార్? ముక్కాలువాసి ఇంకా పెరుగుతా, తయారవతా ఉంటాయి. నేనూ బీయెస్సీ చదివినదాన్నే.”

“చదివి ఇంట్లో ఉండారు కదమ్మా.”

“ఇంట్లో ఉంటే కండ్లు పోతాయా?”

“తక్కిన ముప్పైమంది చక్కగా వేసినారే?”

“ముప్పైమందీ ఒకే పేజీ చూసి వేసినారు. ఒక్కతి కణాన్ని చూసి వేస్తే దానికి ఎర్రగీత.”

“చూసింది, చూసింది అంటారే. యాడ చూసింది? మా మైక్రోస్కోపుకి నేను రాకముందే బూజు పట్టె. ఈ బడిలో ఎవరూ ఏమీ చూడలేదు. అబద్ధమనే కొట్టేసినాను.”

“అబద్ధమా? మూడు దినాలు గ్లాసు నీళ్ళమీద ఉల్లిగడ్డ పెట్టి వేర్లు పెంచింది. పొద్దున్నే కొనలు కోసి, నేను బెంగుళూరు నుంచి తెప్పించిన రంగు పట్టించింది. మా అత్త కాళమ్మ పనిచేసే పట్టుపురుగు గుడ్ల కేంద్రానికి తీసుకపోయినాము.”

“ఆడ మైక్రోస్కోపు యాడిది?”

“గుడ్లు పెట్టిన పట్టు సీతాకోకని నూరి, రోగముందా అని దినమూ ఆడ చూస్తారు కదా. వాళ్ళు అన్నానికి పోయిన అరగంట మాకిచ్చినారు. అద్దంమీద కొనని బొటనవేలితో పలచగా నొక్కింది మా అత్తే. సంతకం రాని మనిషి. ‘ఇదో, ఈడొకటి రెండవతా ఉండాది’ అని ముందు పట్టిందీ ఆమే.”

“ఆమే చూసిందా?”

“ఆమే. ఇప్పుడు సంతకం పెడతారా, హెడ్మాస్టరు దగ్గరికి పోవల్నా?”

“పెన్ను ఇట్లియ్యండి.”

“ఆ ఎర్రగీత?”

“పక్కన ‘సరి’ అని రాస్తా ఉండాను, చూడండి. అమ్మా...”

“ఇంకేంది?”

“మీ అత్తని ఒక మాట అడగండి. నాకూ ఒకసారి చూపిస్తుందేమో. పందొమ్మిదేండ్లుగా ఈ పాఠం చెప్తా ఉండాను. ఇంకా చూడలేదు.”