కొత్త జిగురు వాసన

హలో… ఆ, నేనే. బావని, సుప్రియా.

పొద్దున్న చేసింది నేనే. నువ్వు ఎత్తలేదు… సరే, పనిలో ఉంటావు… తిన్నాను. బెండకాయ వేపుడు… వచ్చిందమ్మా, మాడలేదు.

నిన్ను ఒక మాట అడగాలి… కంగారు పడకు, నాకేమీ కాలేదు.

మీ అక్క పుస్తకం గురించి.

…ఏ పుస్తకమేటి? మా ఇంట్లో ఛాయది ఒకటే కదా. మిగతావన్నీ నావి. వంటింటి గూట్లో, పోపుల డబ్బాకీ ఉప్పు జాడీకీ మధ్య… ఆ, అదే. వీక్లీలో వచ్చిన సీరియల్, వారం వారం కాగితాలు చింపి, మీ అమ్మగారు గోనె సూదితో కుట్టిన బైండు.

దాని వాసన మారింది.

…వాసనే. సరిగానే విన్నావు.

మా ఇద్దరి గొడవ నీకు తెలుసు కదా. జూన్‌లో స్కూలుకి కొత్త పుస్తకాల కట్టలు వస్తే తాడు కోసేది నేనే. ఒకటి మధ్యకి తెరిచి ముక్కు పెట్టేవాణ్ణి. ఆ సిరా, ఆ జిగురు… ఇంటికొచ్చి చెబితే మీ అక్క, "అది ప్రెస్సు వాసనండీ. పుస్తకానికి దాని వాసన దానికి రావాలంటే మనుషులు చదవాలి" అనేది… నీతోనూ అనేదా.

ఆమె పోయాక రోజూ సాయంత్రం ఆ బైండు తెరిచేవాణ్ణి… చదవడానికి కాదు. ఒకసారి తెరిచి మూసేసేవాణ్ణి. ఎక్కువసేపు తెరిచి ఉంచితే గాలికి పోతుందని.

అస్థికలు కలపడానికి రాజమండ్రి వెళ్ళి వచ్చాను కదా. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుని తెరిచాను. కొత్త జిగురు వాసన కొట్టింది.

నాకు ఇష్టమైన వాసనే. ముక్కు తిప్పుకుని మూసేశాను.

…

నేను ఊళ్ళో లేనప్పుడు ఇంటి తాళంచెవి నీ దగ్గరే ఉంది… అవును, నేనే ఇచ్చాను. ఇచ్చి తప్పు చేశాననడం లేదు. ఇంకెవరికైనా ఇచ్చావేమోనని అడుగుతున్నాను… పనమ్మాయా? ఆమె ఆ గూడు ముట్టదు. ఛాయ ముట్టనిచ్చేది కాదు.

…దుమ్ము దులిపావా? దులిపితే దుమ్ము పోతుంది. జిగురు ఎలా వస్తుంది?

…వానకి చెమ్మ పట్టిందంటావా. చెమ్మకి బూజు వాసన వస్తుంది. మైదాలో మైలుతుత్తం వేసి కాచిన బైండు జిగురు వాసన రాదు.

సుప్రియా… జవాబు తెలిసి అడిగే ప్రశ్నకి నా గొంతు మారిపోతుందని మా క్లాసు పిల్లలు అంటారు. ఇప్పుడు ఎలా ఉందో నువ్వే చెప్పు.

…

నిన్న పవర్ హౌస్ బజారుకి వెళ్ళాను. మా స్కూలు రిజిస్టర్లు బైండు చేస్తాడు చూడు, అతని దగ్గరికి. గుమ్మంలో ఉండగానే అదే వాసన. బైండు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి, "అరే మాస్టర్జీ, ఇది నేను చేసిందే. జాముల్ నుంచి దీదీ తెచ్చింది" అన్నాడు. జాముల్ నుంచి వెళ్ళే దీదీ నువ్వు కాక ఇంకెవరు?

…హలో. ఉన్నావా?

…ఆ. ఇప్పుడు చెప్పు.

…కుట్టు తెగిపోయిందని… కాగితాలు గూట్లో పొడి రాలుతున్నాయని… నేను ఊరినుంచి వచ్చేసరికి బాగు చేయించి పెడదామని… బాగుంది. నేను అడిగినప్పుడు దుమ్ము దులిపాను అన్నావెందుకు మరి?

…కోపం లేదు… లేదన్నాను కదా.

ఇంకొకటి ఉంది, విను. ఆ పుస్తకం అక్కడ బిగిసి ఉండేది. మీ అక్క లాగితే దానితోపాటు జాడీ కూడా కదిలేది. ఇప్పుడు పెడితే పక్కకి వాలిపోతోంది… అంచులు కోశాడు, చూశాను. అంచులు కోస్తే వెడల్పు తగ్గుతుందమ్మా. మందం తగ్గదు.

మిగతా సగం ఏమైంది?

…ఉండు. ముక్కు తుడుచుకుని చెప్పు. పాత కాగితాలు కొనే రద్దీవాడికి ఇచ్చేశావా?… చెద తిన్నదా?… అదీ కాదు.

…నీ దగ్గరుంది.

…నాకెలా తెలుస్తుంది? కథ సగంలో ఆగిపోయిందని తెలియాలంటే చదివి ఉండాలి. నేను ఆ సీరియల్ ఒక్క పేజీ కూడా చదవలేదు. ఆ సంగతి నీకు తెలుసు. బావ చదవడు, కనిపెట్టడు అనుకున్నావు… అవును కదా. ముక్కుతో పట్టుకుంటాననుకోలేదు.

ఒక మాట అడగొచ్చు కదా నన్ను. ఛాయ చెల్లెలివి. అడిగితే ఇవ్వనా?

…ఏటి? మళ్ళీ చెప్పు.

…అడిగితే మొత్తం ఇచ్చేస్తానని అడగలేదా.

…

వింటున్నాను.

…నిజమే. ఇచ్చేసేవాణ్ణి. చీరలు అలాగే ఇచ్చేశాను, ఒక్కటీ ఉంచుకోకుండా… అప్పుడు నువ్వు నన్ను చూశావన్నమాట.

సరే. నీ సగం ఎక్కడ పెట్టావు?… బీరువాలోనా? అందులో కలరా ఉండలు వేస్తావా?… చూసి చెప్పు, అలవాటుగా లేవనకు… సరే.

దానికీ బైండు వేయించావా?… లేదా. దారంతో కట్టావా. అంటే దానికి జిగురు తగల్లేదు.

నాకు అట్ట, నీకు వాసన. పంపకం బాగుంది.

…కావాలని చేశావనలేదు. ఏదో అన్నాను, మరిచిపో.

…తేవద్దు. రాజేశ్ డ్యూటీనుంచి రాగానే మీ ఆయన్ని ఈ వానలో స్కూటర్ తియ్యమనకు… వద్దన్నానా. ఒక పని చెయ్యి. ఇప్పుడు తియ్యి దాన్ని. ఫోను పక్కన పెట్టి రెండు చేతులతో తియ్యి. పొడి రాలుతుంది.

…

తీశావా? మధ్యకి తెరువు. ముక్కు ఆనించకు, కాస్త ఎడంగా పెట్టు. ఏం వాసన?

…నేను చెప్పను. నేను చెబితే నువ్వు అవుననేస్తావు.

…ఇంగువ. అది ఎవరైనా చెబుతారు, వంటింట్లో ఉన్న పుస్తకానికి. ఇంకా?… కిరసనాయిలు. ఆ. మా పాత క్వార్టర్లో పొయ్యి ముందు పీట వేసుకుని చదివేది. అన్నం పొంగితే చూసుకునేది కాదు.

ఇంకొకటి ఉండాలి. అన్నిటికీ అడుగున… నేను అనను. నువ్వే చెప్పు.

…మెంతులు కాచిన నూనె?

ఛాయ ఏనాడూ మెంతుల నూనె రాసుకోలేదు, సుప్రియా. నన్ను ఓదార్చడానికి కల్పిస్తున్నావా?… ఒట్లు వద్దు. నూనె ఎవరిదో చెప్పు.

…మీ అమ్మగారిదా.

…ఎక్కడ, మీ పుట్టింట్లో, ఖుర్సీపార్‌లోనా… అత్తయ్య కింద కూర్చునేది. నువ్వు మంచం మీంచి ఆవిడ తలకి నూనె రాసేదానివి. ఛాయ చదివి వినిపించేది… ఏ పేజీ తరవాత ఏ పేజీయో ఆవిడకెలా తెలిసేది, చదువు రాదు కదా?… బొమ్మలు చూసి. బొమ్మలు చూసి వరస పెట్టుకుని కుట్టేదా… నూనె జిడ్డు చేతులతో నువ్వు పేజీలు తిప్పేదానివి, అక్క తిట్టేది.

…

లేదు, ఉన్నాను.

అది మీ అక్క వాసన అనుకున్నాను ఇన్నాళ్ళూ. మా పెళ్ళినుంచీ అదే అనుకున్నాను.

…తిరిగి ఇచ్చేస్తాననకు. నీ దగ్గరే ఉంచుకో. అది నీదే… నాకు తోచింది చెబుతున్నాను, వాదించకు.

ఏడుస్తున్నావా?… పుస్తకం ఒళ్ళో ఉందా? ముందు దాన్ని పక్కన పెట్టు. తడిస్తే ఆ కాగితం నిలవదు… పెట్టావా?… నిజంగా పెట్టావా, లేక నాతో అంటున్నావా?

…ఆ. ఇప్పుడు ఏడువు.

…

…

ఎవరో తలుపు కొడుతున్నారు నీకు, నాకు వినిపిస్తోంది… రాజేశా. డ్యూటీనుంచి తడిసి వచ్చి ఉంటాడు, వెళ్ళు… ఫోను పెట్టెయ్, పరవాలేదు.

సుప్రియా. ముందు ఆ కాగితాలకి దారం కట్టు. కట్టాక తలుపు తియ్యి.