అమ్మకి చెప్పని ఊరు

బందరు. ఉచిత న్యాయ సహాయ కేంద్రం. బల్లకి అటు లాయరు తనూజ, ఇటు గుడివాడ బస్సు దిగి తిన్నగా వచ్చిన రూతమ్మ. రూతమ్మ కూతురు జెనిఫర్‌ని కొట్టే మొగుడి కంట పడకుండా దాచింది ఈ తనూజే. దాచినచోటికే వచ్చి వాడు మళ్లీ కొట్టాడు. ఇప్పుడు ఆ పిల్లని ఇంకో ఊరికి మార్చింది.

“ఊరి పేరు ఒక్కటి చెప్పండి మేడం. ఇల్లూ వద్దు, వీధీ వద్దు. ఊరి పేరు.”

“చెప్పలేనండీ.”

“కన్నతల్లినండీ నేను!”

“తెలుసమ్మా. ముందు కూచోండి. మంచినీళ్లు తాగండి.”

“నీళ్లొద్దు. ఆసుపత్రికి పరిగెత్తుకుంటూ వెళ్తే మంచం ఖాళీ. ఎక్కడికి తీసుకెళ్లారంటే నర్సు నోరు విప్పదు. పిల్ల బతికుందో లేదో...”

“బతికే ఉంది. ఒట్టేసి చెప్తున్నాను. చెయ్యి విరిగింది, కట్టు కట్టారు. కంటిపైన కుట్లు పడ్డాయి. కన్ను బానే ఉందన్నారు.”

“ఏ చెయ్యండీ?”

“కుడి చెయ్యి.”

“కుడి చెయ్యా! మరి అన్నం ఎవరు కలిపి పెడుతున్నారు దానికి? జడ ఎవరు వేస్తున్నారు? పెద్ద జుట్టండీ దానిది. చిక్కు తియ్యాలంటే నాకే తల ప్రాణం తోకకొస్తుంది.”

“చూసుకునేవాళ్లు ఉన్నారమ్మా.”

“నేనుండగా ఇంకెవరో ఎందుకు? నేనేమన్నా ఆ శ్యాంబాబు తరపు మనిషినా? వాడు మొదటిసారి చెయ్యి చేసుకున్నప్పుడే ఇంటికొచ్చెయ్యవే అన్నదాన్ని. పిల్లని కాపరానికి పంపట్లేదని పేటలో నలుగురూ నానా మాటలూ అన్నా పడ్డాను. దాన్ని మీ దగ్గరకి చెయ్యి పట్టుకు తీసుకొచ్చింది ఎవరండీ? నేను కాదూ?”

“మీరే. కాదనలేదుగా.”

“మరి?”

“రూతమ్మ గారూ, జెనిఫర్ మోపిదేవిలో ఉన్నట్టు ఎవరెవరికి తెలుసు? నాకు, ఇల్లిచ్చిన చిట్టెమ్మకి, మీకు. అంతే. మీవాళ్లెవరూ అక్కడి గుడి వైపు రారు, పైగా వచ్చేపోయే భక్తుల్లో కొత్త మొహాన్ని ఎవరూ పట్టించుకోరు అనే అక్కడ పెట్టాం. అలాంటిది వాడు ఎవర్నీ దారి కూడా అడక్కుండా, పూలకొట్టు వెనక మెట్లెక్కి, సరిగ్గా ఆ తలుపే తన్నాడు.”

“అయితే ఆ చిట్టెమ్మే చెప్పుంటుంది.”

“చిట్టెమ్మ అడ్డం వెళ్లి తనూ దెబ్బలు తింది. ఆవిడనేం అనకండి.”

“మీ గుమాస్తాలో?”

“వాళ్లకి తెలియనివ్వలేదు. నేనే ఎక్కడైనా నోరు జారానా అని అప్పట్నుంచీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. అన్నం సయించట్లేదు నాకు. మీరు ఎవరికైనా చెప్పారా?”

“చెప్పలేదండీ. మా ఆయనక్కూడా చెప్పలేదు. మా తమ్ముడు దయానందం ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగితే తెలీదన్నాను. సొంత తమ్ముడితో అబద్ధమాడాను.”

“పాస్టరు గారికి?”

“అడిగారు. క్షేమంగా ఉందయ్యగారూ అని ఊరుకున్నాను. మనుషులెవరికీ చెప్పలేదు మేడం. కావాలంటే బైబిలు మీద చెయ్యేస్తాను.”

“మనుషులెవరికీ అంటే?”

“అంటే... ఎవరికీ.”

“రూతమ్మ గారూ.”

“దేవుడికి చెప్పుకోవడం కూడా తప్పేనా అండీ?”

“తప్పని ఎవరన్నారు? ఇంట్లోనేగా?”

“ఇంట్లో రోజూ చేస్తాను ప్రార్థన.”

“ఇంకెక్కడ చేశారు?”

“శుక్రవారం ఉపవాస కూటంలో. ఆడవాళ్లం వరసగా చేస్తాం. మైకు ఒకళ్ల దగ్గర్నుంచి ఒకళ్లకి అందిస్తారు. నా దగ్గరకొచ్చింది.”

“మైకులో ఏమన్నారు?”

“అందరూ అనేదే. ప్రభువా, నా బిడ్డని కాపాడు అని.”

“అంతేనా?”

“మోపిదేవిలో, పూలకొట్టు వెనక మేడ మీద ఒంటరిగా ఉంది నా బిడ్డ జెనిఫర్, దాని చుట్టూ నీ దూతల్ని కావలి పెట్టు తండ్రీ అన్నాను. అలాగే చేస్తామండీ మేం. పేరు పెట్టి, ఊరు పెట్టి వివరంగా అడుగుతాం. మా అమ్మా అలాగే చేసేది. ఊరికే కాపాడు అంటే ఎవర్ని? ఎక్కడ?”

“అమ్మా, ఆ మైకు బయటికి వినిపిస్తుందా?”

“మందిరం మీద లౌడు స్పీకరుంది కదండీ. పేటంతా వినిపిస్తుంది.”

“లోపల ఎవరెవరున్నారు?”

“కళ్లు మూసుకున్నదాన్ని, నాకేం తెలుస్తుంది! ఏడుస్తున్నాను. వెనకనుంచి ఎవరో వీపు మీద చెయ్యేశారు. నా మాట మాటకీ గట్టిగా ఆమెన్ అంటున్నారు. ఆ గొంతు...”

“ఎవరిది?”

“రెబెకాది.”

“రెబెకా ఎవరు?”

“శ్యాంబాబు అక్క.”

“అయ్యో.”

“ఆడపడుచుకి జాలి కలిగిందిలే, దేవుడు దాని మనసు మార్చాడులే అనుకున్నాను మేడం. కూటం అయ్యాక దాని చేతులు పట్టుకుని వందనాలు కూడా చెప్పాను. నేనే పంపించాను వాణ్ణి. నా నోటితో దారి చెప్పి మరీ పంపించాను నా పిల్ల మీదికి.”

“ఊరుకోండి. ఊరుకోండమ్మా. కొట్టింది వాడు, మీరు కాదు.”

“దాని చెయ్యి నేనే విరగ్గొట్టానండీ.”

“అలా అనకండి. వాడింకా పోలీసులకి దొరకలేదు, అందుకే చెప్పనని ఇంత గట్టిగా కూచున్నాను. అక్కడ జెనిఫర్ కూడా మందుల మగతలో అమ్మా, అమ్మా అంటూనే ఉంది. మిమ్మల్నిలా ఏడిపించి పంపించడం నా వల్ల కాదు. ఉండండి, తలుపు వేసొస్తాను.”

“ఎందుకండీ?”

“మీ ఒక్కరికే చెప్తాను. జెనిఫర్ ఇప్పుడు...”

“వద్దు మేడం! చెప్పకండి. నాకు తెలిస్తే నేను దేవుడికి చెప్పకుండా ఉండలేను.”