చెట్టునడిగిన సోమాలమ్మ

సోమాలమ్మని ఒకావిడ ఉండేదంట. ఆవిడ ఆకు నూరి పట్టేసిందంటే ఎంత సెగగడ్డయినా పగిలి ఆరిపోవాల్సిందే. అలాంటావిడ కూతురు వరాలుకి రొమ్ములో గడ్డొచ్చింది. నొప్పి లేదు, చీము లేదు, శెనగ్గింజంత. అమ్మా, ఇదేంటో చూడవే అంటే, నా చేతికి లొంగని గడ్డా అని సోమాలమ్మ ఆకు నూరింది, కట్టింది. మళ్లీ నూరింది, మళ్లీ కట్టింది. అది మాత్రం పెరుగుతానే ఉంది. ఒకరోజు కట్టు విప్పి, వేలితో తడిమి చూసి, రోలు పక్కకి నెట్టి కూతుర్ని బస్సెక్కించింది.

ఏమైందంటే, పెద్దాసుపత్రిలో ముక్క తీసి చూసి కేన్సరన్నారు. ముందు మందెక్కించి గడ్డని తగ్గిస్తాం, ఆ తర్వాతే కోత అన్నారంట. తీరా సీసా వేలాడదీసేసరికి వరాలు చెయ్యి కొంగులో దాచేసుకుంది. "నాకొద్దే అమ్మా. జుట్టూడిపోద్దంట, పక్క మంచమావిణ్ణి చూడు. నీ ఆకే కట్టు, అది చాలు నాకు." ఆ మాటకి సోమాలమ్మ లోపల ఏదో తెగిందనుకో. ఊరంతా నమ్మిన ఆకు మరి. "నా ఆకు ఓడిపోయిందే" అంది. నర్సమ్మ పాపం మంచిది. ఇదీ చెట్టుమందేనమ్మా, ఎక్కడో చలికొండల్లో ఉండే చెట్టు, మొదట దాని బెరడులోనే దొరికింది అందంట. "చెట్టా? మరి అడిగారా దాన్ని?" అంది సోమాలమ్మ. ఆకుమందు చేసేవాళ్లు కొమ్మ తుంచే ముందు చెట్టుని తాకి, ఎవరికోసమో పేరు చెప్పి అడుగుతారు కదా, అదీ ఆవిడ బాధ. నర్సమ్మ నవ్వి, "నేనడగలేదమ్మా, మీరే అడగండి" అని పక్కకి తప్పుకుంది.

సోమాలమ్మ లేచి, రెండు చేతులతో సీసా పట్టుకుంది. "తల్లీ, నిన్ను చూళ్లేదు, నీ పేరు తెలీదు. ఇది నా కూతురు వరాలు. పిరికిది. జుట్టంటే పిచ్చి. కావాలంటే ఆ జుట్టు తీసుకో. పిల్లని మాత్రం నాకిచ్చెయ్యి."

"జుట్టిచ్చేస్తావేంటే, నీదా?" అని వరాలు ఏడుస్తానే నవ్వేసిందంట. నవ్వుతా నవ్వుతానే చెయ్యి బైటికి తీసి నర్సమ్మకిచ్చింది.

జుట్టూడింది. గడ్డ తగ్గింది, కోతా అయ్యింది, పిల్ల ఇంటికొచ్చింది. సోమాలమ్మ ఇప్పటికీ సెగగడ్డలకి ఆకు నూరుతుంది. రొమ్ములో గడ్డని ఎవరన్నా వస్తే మాత్రం రోలు జోలికే పోదు, చెప్పులేసుకుని వాళ్లతోపాటు బస్సెక్కుద్ది. ఇంతకీ చెట్టు ఒప్పుకుందా అంటారా? ఏమోనమ్మా, అదైతే ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పేది మనం కన్నవాళ్లే కదా.