మొదలు గుర్తు

కళింగపట్నంలో ఒక కొత్త ఇంటికి మర్నాడు ఉదయం నిలబెట్టవలసిన ద్వారబంధాన్ని తడుముతూ ముసలి వడ్రంగి చటుక్కున ఆగిపోయాడు.

"ఏటిది అల్లుడా? ఈ కుడి నిలువుకి సెట్టు మొదలు పైకొచ్చింది. తలకిందులు సేసినావు."

"పసుపు రాసేత్తే ఎవులికి తెలుస్తాది మావా?"

"నాకు తెలుస్తాది. సెట్టు ఎలా నిలబడ్డాదో నిలువూ అలాగే నిలబడాల. ఊడదీసి తిరగెయ్యి."

"తిరగేత్తే సెక్కిన లతలు తలకిందులైపోతాయి."

"సిత్రిక పట్టి లతలు తీసెయ్యి. అయినా సెక్కినప్పుడు నీ కళ్ళేటయ్యాయి?"

రెండు రోజులుగా మింగుకొస్తున్న మాట అల్లుడి నోట ఇక ఆగలేదు.

"మొదలు గురుతు ఎట్టింది నువ్వే మావా."

ముసలాయన నిలువు మీద తను గీసిన ఆ పెన్సిలు గీతకు కళ్ళు బాగా దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. ఆపైన చెవి మీది పెన్సిలు తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

"ఇకమీదట గురుతులు నువ్వెట్టు. సిత్రిక ఇలాగియ్యి."