ఒక్క డబ్బా, రెండు టీవీలు

ఆ మూట ముడెయ్యడం కాసేపు ఆపవే సన్నే! ఎంతసేపయింది నేనొచ్చి గుమ్మంలో నిలబడి? కనబడనట్టే తిరుగుతన్నావు. బస్సు పన్నెండింటికి గదా. ఇంకా పది కూడా కాలేదు. సుక్మా ఎక్కడికీ పారిపోదులే.

కూచోమనవా? సరే, నేనే కూచుంటాను. నీ గడప మీద కూచోడం నాకు కొత్తేటి.

భయపడకు, ఏడవడానికి రాలేదు. ఓ మాట అడగడానికొచ్చేను. మధ్యాన్నం కేబులు మంగల్ వస్తాడు. కేబులు ఉంచమంటారా, తీసేసి డిష్షు పెట్టీమంటారా, ఏదో ఒకటి తేల్చి చెప్పండి అమ్మాజీ అనీసి నిన్న బజార్లో పట్టుకున్నాడు. నాకేమీ తోచలేదు. సన్నేని అడిగి చెప్తానన్నాను.

ఎందుకా నవ్వు? నిజంగానే అన్నాను. కేబులు డబ్బా నా ఇంట్లో ఉన్నాది గానీ, అది నా ఒక్కదానిదేటి?

మంగల్ని చూసేవా ఈ మధ్య? ఇన్నేళ్ళూ కేబులు తీగ చుట్టలు భుజానేసుకుని స్తంభాలెక్కినవాడు, ఇప్పుడు వాడే డిష్షులు అమ్ముతున్నాడు. స్కూటరు వెనకాల గొడుగుల్లాంటి ఆ డిష్షు ఛత్రీలు కట్టుకుని తిరుగుతున్నాడు. ఈ లైన్లో అందరి రేకుల మీదా ఛత్రీలొచ్చీసేయి, కేబులు మీ ఒక్కరిదే మిగిలింది, మీ ఒక్క ఇంటి కోసం రోడ్డు నించి ఇంత తీగ నేనెలాగ కాపాడేది అంటాడు. పైగా వచ్చే నెల నించి కేబుల్లో తెలుగు రాదంట. హిందీ ఒక్కటేనంట. తెలుగు అడిగేవాళ్ళు ఈ బచేలీలో ఎవరున్నారు అమ్మాజీ, గనిలో రిటైరయినవాళ్ళంతా విజయనగరం రైలెక్కీసేరు గదా అంటాడు.

నాకు తెలీదేటి? ఒకప్పుడు నా ఇడ్లీపిండి కోసం టౌన్‌షిప్పు నించి గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు ఈ సందులోకి వచ్చేవారు. ఇప్పుడు నేనే గిన్నె పట్టుకుని వాళ్ళ తలుపులు కొడతన్నాను. తీసేది ఎవరో కొత్తావిడ. "క్యా హై?" అంటాది.

డిష్షయితే తెలుగు చానెళ్ళన్నీ వస్తాయంట. బొమ్మ కడిగిన అద్దంలాగ ఉంటాదంట. వాన పడితే మాత్రం ఆగిపోతాదంట. ఓలమ్మో, ఈ కొండ కింద వాన పడని రోజేదే, జూన్లో మొదలెడితే దసరా దాకా?

అయినా సరే, పెట్టించుకుందాం అనే అనుకున్నాను. ఒక్కటే అడిగేను వాణ్ణి. పక్క గదికి కూడా వస్తాదేటి బాబూ అనీసి. రాదన్నాడు. ఆ డబ్బాలోంచి రెండో టీవీకి తీగ లాగడం కుదరదంట. ఆవిడకి కావాలంటే ఆవిడ డిష్షు ఆవిడే పెట్టించుకోవాలంట.

ఆవిడంట! నిన్ను. పోనీలే, మన గోడ సంగతి వాడికేం తెలుసు.

నీకు గుర్తున్నాదా, మేం క్వార్టరు ఖాళీ చేసి ఈ రేకుల గదుల్లోకి వచ్చిన కొత్త? నువ్వు ఊడ్చే స్కూల్లో ఎవరో పాత టీవీ పారేస్తంటే నెత్తిమీద పెట్టుకు మోసుకొచ్చేవు. దానికి కేబులు లేదు. సాయంత్రం అయ్యేసరికి మా గుమ్మంలో నిలబడి చూసేదానివి. లోపలికి రావే అంటే వచ్చేదానివి కావు. చీపురు చేతిలోనే ఉండేది.

మా ఆయన చూసేడు, చూసేడు. నలభై ఏళ్ళు గనిలో బెల్టులు బాగుచేసిన ఫిట్టరు, ఊరికే చూస్తా కూచుంటాడేటి? ఓ ఆదివారం ఉలీ సుత్తీ తీసి, అదిగో ఆ దూలం పక్కన గోడకి కంత పెట్టీసేడు. మా డబ్బాలోంచి నీ టీవీకి తీగ లాగీసేడు. ఇంటి ఓనరు అరిస్తే, గాలి రావడానికి బాబూ అన్నాడు. మా సత్యమూర్తిగారు అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కటే.

ఇంక చూడు! రిమోటు నా చేతిలో. నేనేది పెడితే నీకదే. నీకు నచ్చకపోతే గోడ మీద ఒక్క దెబ్బ, మార్చమని. రెండు దెబ్బలైతే ఉంచమని. గబగబా ఐదారు పడ్డాయంటే సింహమొచ్చిందన్నమాట.

అబ్బ, ఆ జంతువుల చానెలు! ఆఫ్రికాలో సింహం లేడిని తరుముతుంటే ఇక్కడ గోడవతల నించి "పక్కకి తిరుగు, పక్కకి తిరుగు" అనీసి లేడికి దారి చెప్పేదానివి. ఎలుగుబంటిని చూపించేరంటే నిన్ను పట్టలేం. మా మరైగూడ అడవిలో ఎలుగు ఇలగ నడవదు, వీళ్ళు అన్నం పెట్టి పెంచేరు దీన్ని, అనీసి కేకలు. నాకా పాములంటేనే వణుకు. అయినా పెట్టేదాన్నే. కళ్ళు మూసుకుని, నువ్వెప్పుడు కొడతావా అని గోడకేసి చెవి పెట్టి కూచునేదాన్ని.

నా సీరియలు నువ్వు చూడలేదేటి మరి? మొదట్లో, ఆ ఆడాళ్ళు అంత గబగబా ఏం మాట్లాడతన్నారప్పా అనేదానివి. తరవాత అందులో అత్త తిట్లన్నీ నేర్చేసుకున్నావు. సంతలో టమాటాలవాడి మీద ఓ తిట్టు వదిలేవు. ఆ బండోడికి తెలుగు ముక్క రాదు, దండం పెట్టేడు నీకు!

నవ్వేవు. అమ్మయ్య.

ఇంకోటి చెప్పనా? ఇది నీకెప్పుడూ చెప్పలేదు. మా ఆయన చనిపోయిన నెల. పన్నెండో రోజు అవగానే చుట్టాలంతా రైలెక్కీసేరు. పిల్లాజెల్లా లేనిదాన్ని, ఈ గదిలో నేనూ గ్రైండరూ మిగిలేం. టీవీ మీద తువ్వాలు కప్పీసేను. నెల్లాళ్ళు తియ్యలేదు. నా డబ్బా ఆపితే నీదీ ఆగిపోతాదని నాకు తట్టనే లేదే సన్నే. నువ్వు ఒక్కసారీ గోడ కొట్టలేదు. నోరు తెరిచి అడగలేదు. ఓ సాయంత్రం ఉప్పుకని నీ గదిలోకొస్తే, కంచం ఒళ్ళో పెట్టుకుని, ఏ బొమ్మా లేని ఆ నల్లటి టీవీకి ఎదురుగా కూచుని అన్నం తింటన్నావు.

ఆ రోజే తువ్వాలు తీసేను. ఏం పెట్టేనో గుర్తు లేదు.

ఏటీ? సోమి ఫోనా? మాట్లాడు, మాట్లాడు. నేనిక్కడే ఉంటాను.

అయిందా? బయల్దేరేవా అని అడిగిందా. మంచి పిల్ల. అమ్మ స్కూలు ఊడ్చి చదివించింది, ఇది సుక్మాలో నర్సయి, గవర్నమెంటు క్వార్టరు తెచ్చుకుని, అమ్మని రమ్మంటోంది. ఎవరు కాదంటారు? నేనా? నేనేమన్నా అన్నానేటి?

అలగ చూడకు.

సరే. విన్నాను. ఆ ఆదివారం సోమీ, మొగుడూ మోటారుసైకిలు మీద వచ్చేరు గదా, ఆ రోజే అంతా విన్నాను, ఏ రోజు ఏ బస్సో కూడా. మీ మాటలో మీరు మాట్లాడుకుంటే నాకు తెలీదనుకున్నారేమో. మీ దోర్లీలో సగం తెలుగే గదే. గోడ పక్కన ఇన్నేళ్ళు బతికినదానికి ఆ మిగతా సగం రాదేటి? ఊడ్చింది చాలమ్మా, వచ్చీ అంది సోమి. నువ్వేమన్నావు? "ఊఁ" అన్నావు. అంతే! ఆలోచిస్తానే అనలేదు. పక్కనే అక్కలాగ నేనున్నాను, చిన్నమ్మప్పకి ఓ మాట చెప్పాలి అనలేదు. "ఊఁ" అనీసి, అల్లుడికి ఇంకో గరిటెడు కూర వేసేవు. ఆ గరిటె చప్పుడు కూడా వినబడింది నాకు.

సోమవారం చెప్తావనుకున్నాను. చింతచిగురు పట్టుకొచ్చేవు, ఇచ్చి వెళ్ళిపోయేవు. మంగళవారం చెప్తావనుకున్నాను. మోకాలు నెప్పంటే నూనె రాసేను, రాసినంతసేపూ స్కూల్లో పంతులమ్మల గొడవే చెప్పేవు. బుధవారం సాయంత్రం ఏడున్నర అవగానే ఎప్పట్లాగే గోడ మీద కొట్టేవు, సీరియలు పెట్టమని. నాకు ఒళ్ళు మండిపోయిందే. ఈ మనిషి వెళ్ళిపోతాది, ఆ మాట చెప్పడానికి నోరు రాదు, గోడ కొట్టడానికి మాత్రం చెయ్యి వస్తాది అనీసి.

గురువారం నీకేటి చెప్పేను? రోడ్డు తవ్వే జేసీబీ మన కేబులు తీగ తెంపీసింది, ఎవరికీ రాదు అన్నాను గదా.

జేసీబీ మన తీగ జోలికి రాలేదు సన్నే.

నేనే తెంపీసేను. నువ్వు స్కూలుకెళ్ళేక పీట మీద స్టూలేసి ఎక్కేను. ఆ కంత దగ్గిరే, నీ వేపు వెళ్ళే తీగ. కూరగాయల చాకుతో. తొక్క గట్టిది, లోపల రాగితీగ ఇంకా గట్టిది, చాలాసేపు పట్టింది. మధ్యలో ఓసారి ఆగేను. ఆయన పెట్టిన తీగ గదా అనిపించింది. మళ్ళీ మొదలెట్టేను. నువ్వెలాగూ వెళ్ళిపోతావు. నన్నొదిలేసి నువ్వెళ్ళేదేటి, నేనే ముందు నిన్నొదిలేస్తాను అనుకున్నాను. అంత కోపం నాకెక్కణ్ణించి వచ్చిందో!

ఉండు, ఇంకా ఉన్నాది. నా టీవీ ఆగలేదు. ఈ పది రోజులూ ఆడుతూనే ఉంది. నీకు వినబడకూడదనీసి సౌండు తీసేసి చూసేను. సీరియల్లో ఆ అత్త నోరు ఆడిస్తాది, చేతులు తిప్పుతాది, ఏమంటోందో తెలీదు. దీపం ఆర్పీసి, అలా చూస్తా కూచోడమే. నువ్వు రోజూ వచ్చేదానివి. లైను వచ్చిందా అప్పా అని గుమ్మంలో నించే అడిగేదానివి. ఇంకా రాలేదే అనేదాన్ని. ఒకరోజు సింహాలొచ్చేయి. ఆ ఒక్కటీ చూడలేకపోయేను. టీవీ కట్టీసి పడుకున్నాను.

ఏటీ?

తెలుసా?

ఎప్పటినించీ? మొదటి రోజు నించా? ఎలాగ... వెలుగా? ఆ కంతలోంచి నీ గోడ మీద పడేదా?

అవును మరి. నేను సౌండు ఒక్కటే దాచేను.

మరెందుకే రోజూ వచ్చి అడిగేవు? లైను వచ్చిందా అప్పా, లైను వచ్చిందా అప్పా అనీసి!

నేను చెప్తానేమోననా.

బాగుంది. నేను చెప్తానని నువ్వూ, నువ్వు చెప్తావని నేనూ. మధ్యలో నాలుగంగుళాల గోడ.

సన్నే, ఇందాక అబద్ధమాడేను. మంగల్‌కి ఏం చెప్పాలో అడగడానికి రాలేదు నేను. నువ్వు ఉంటానంటే కేబులే ఉంచీమందామని వచ్చేను. ఆ తీగ అతికించమందామని. తెలుగు రాకపోతే పోనీ, హిందీలోనే ఏడుస్తారు ఆ అత్తాకోడళ్ళు, మనకేటి? జంతువులకి భాషెందుకు? రాత్రంతా అదే అనుకున్నాను.

తల అలగ ఊపకు. తెలిసింది. నాకు ముందే తెలుసు. ఊరికే అడిగేను.

చెయ్యి వదులు, మూట పాడైపోతాది. నువ్వెందుకు ఏడవడం? క్వార్టరుకి పంపుంటాది, లోపలే నీళ్ళొస్తాయి. మోకాళ్ళు వంచి ఊడ్చక్కర్లేదు. మనవల్ని ఎత్తుకో. వేడినీళ్ళతో కాపడం పెట్టుకో, నూనె ఒక్కటే చాలదు.

ఇదేటి? ఈ టీవీ మూట కట్టలేదేం? నాకిచ్చీస్తావా! సోమి దగ్గిర పెద్దది ఉన్నాదా, గోడకి తగిలించేదా. అయితే మటుకు, నాకెందుకే రెండు టీవీలు?

సరే, ఉంచు. పాతసామానువాడికి ఇవ్వనులే. దానిమీద పిండిగిన్నె పెట్టుకుంటాను.

లే మరి. పెద్ద మూట నాకియ్యి, నువ్వు ఆ సంచీ పట్టుకో. బస్టాండు దాకా వస్తాను. కిటికీ పక్క సీటు పట్టుకోవాలి, నకుల్‌నార్ దాటితే మలుపులు, నీకు తిప్పుతాది.

మంగలా? వస్తాడు, తాళం చూసి పోతాడు. రేపు మళ్ళీ వస్తాడు. కేబులో డిష్షో, వాడి స్కూటరు మీద ముందు ఏది చేతికి తగిలితే అది పెట్టమంటాను. నా ఒక్కదానికి ఏదైతేనేటి.