కవరు తెచ్చేలోగా

(నడుంనొప్పి తైలం తయారుచేసే కంపెనీ ఆఫీసు. వాడినవాళ్ళు రాసిన ఉత్తరాలు దాచే గది. బల్లకి ఒక పక్క ఉద్యోగిని, ఇంకో పక్క ఒక పెద్దాయన.)

“...చచ్చిపోయిన మనిషి మీ తైలం రాసుకుని లేచి తిరుగుతోందంటే జనం నవ్వుతారమ్మాయ్!”

“ముందు కూర్చోండి బాబాయ్‌గారూ.”

“కూర్చోడానికి రాలేదు. మా ఆవిడ పోయి ఏడాదైంది. బస్సుల వెనకాల ఇంకా నవ్వుతోంది. ‘మూడో రోజుకే నా నడుంనొప్పి మాయం’ అంటోంది. ఆ బొమ్మ తీసెయ్యండి.”

“అయ్యో. ఎలా పోయారండీ?”

“ఆ నడుంనొప్పితోనే.”

“నడుంనొప్పితోనా?”

“వెన్నులో గడ్డ. ఆర్నెల్లు ముందొస్తే బాగుండేదన్నారు ఆసుపత్రిలో. ఆ ఆర్నెల్లూ మీ తైలమే రాశాం.”

“అందరికీ ఒకేలా పనిచెయ్యదండీ. సీసా మీద కింద రాసే ఉంటుంది.”

“ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. తగ్గుతుందన్న మాట మాత్రం గోడంత! చెప్పేవాడికి వినేవాడు లోకువ.”

“ఫోటో మీరు పంపిందే కదండీ?”

“మా మరదలి పెళ్ళిలో తీసింది. పక్కన నేనున్నాను. నన్ను కోసేశారు.”

“ఆవిడ భుజం మీద ఏదో ఉంటుంది...”

“నా వేళ్ళు. నాలుగు మిగిల్చారు.”

“తీయించాలంటే పైవాళ్ళని అడగాలండీ. మేం కల్పించి వెయ్యలేదు. ఆవిడే ఉత్తరం పంపారు.”

“పంపిందో, మీరే పుట్టించారో! ఏదీ, చూపించు.”

“ఇదిగోండి. ఎర్ర పెన్సిలుతో కింద గీత గీసినవి ప్రకటనలోకి వెళ్ళిన మాటలు. అడ్డంగా కొట్టేసినవి వద్దనుకున్నవి. చేతిరాత ఆవిడదేనా?”

“కళ్ళజోడు తేలేదు.”

“జేబులోనే ఉంది బాబాయ్‌గారూ.”

“...ఆవిడదే. వరసలు పైపైకి ఎక్కిపోతాయి.”

“మరి?”

“రాత ఆవిడది. మాటలు కావు.”

“ఎవరివి?”

“పక్కన కూర్చుని ఎవరన్నా చెబితే రాయరా?”

“ఎవరు చెప్పారు?”

“మంచినీళ్ళున్నాయా?”

“తీసుకోండి. ఎవరు చెప్పారు?”

“నేనే. చాలా? నేనే చెప్పాను. ఉత్తరం రాస్తే ఆరు సీసాలు ఊరికే ఇస్తామన్నారుగా మీరు!”

“ఆవిడ తగ్గిందన్నారా?”

“తగ్గిందా అంటే ఊఁ అనేది. తగ్గకపోతే ఊఁ ఎందుకంటుంది?”

“మొదట్నించీ ఊఁ అనేవారా?”

“...ఒకసారి తగ్గలేదంది. పేపర్లో రెండు పూటలా రాసుకోమన్నారు, నువ్వు సరిగ్గా రాసుకోవట్లేదని కసిరాను. ఆ తర్వాత ఊఁ అనేది.”

“ఇప్పుడు ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నీకెందుకు?”

“ఊరికే అడిగానండీ.”

“ఇంట్లో ఎవరూ ఉండరు. నేను బస్టాపులో ఉంటాను. పదకొండింటికి ఆ బస్సొస్తుంది. ఎక్కను. కదిలాక వెనక నుంచి చూస్తాను.”

“మరి తీసెయ్యమంటున్నారు?”

“రోజూ చూస్తున్నాను కాబట్టే తీసెయ్యమంటున్నాను.”

“...బాబాయ్‌గారూ, ఈ కాయితం వెనక కూడా రాసుంది. అదీ మీరు చెప్పిందేనా?”

“వెనకా? లేదే. నేను చెప్పింది ముందు పేజీతో అయిపోయింది. కవరు తెస్తానని కొట్టుకెళ్ళాను. వచ్చేసరికి మడిచి పెట్టింది.”

“ఇటు పేజీ మొత్తం ఎర్రగా కొట్టేశారు.”

“అంటే మీవాళ్ళు చదివారన్నమాట.”

“చదివే ఉంటారు.”

“ఏం రాసింది?”

“మీరే చదువుకోండి.”

“జోడు మసకేసింది. చదువు తల్లీ.”

“‘అయ్యా, ముందు పేజీలో ఉన్నదంతా మావారు చెబుతుంటే రాసింది. ఆయన కవరు కోసం వెళ్ళారు. నాకు నొప్పి తగ్గలేదు. పక్కకి తిరగలేకపోతున్నాను...’”

“ఆగావేం?”

“ఇక చాలు బాబాయ్‌గారూ.”

“చదవమన్నానా!”

“‘ఈ నొప్పికి మీ తైలం పనిచెయ్యదని, ఆసుపత్రిలో చూపించమని మావారి పేర ఒక ముక్క రాయగలరు. నేను చెబితే కోప్పడతారు. మీ మాటైతే నమ్ముతారు.’”