గేదె సాక్ష్యం చెప్పిన పాస్‌పోర్టు

“పాస్‌పోర్టు పోయిందని ఇంత దిగులా? నాది పోయినప్పుడు చూడాల్సింది చెల్లెమ్మా! పొద్దున పోయింది, సాయంత్రానికి కొత్తది చేతిలో ఉంది” అన్నాడు డ్రైవరు, టీ గ్లాసు మోకాలి మీద నిలబెట్టుకుని.

అతను లాండ్రీ వ్యాను నడుపుతాడు. వ్యాను కంటే నోరే జోరుగా నడుస్తుందని అందరూ అంటారు. వీధి చివర టీ కొట్టు, దాని ముందు రెండు బెంచీలు. ఆ పరాయి దేశంలో మనవాళ్ళు నలుగురు చేరి మన మాట మాట్లాడుకునేది అక్కడే. ఒక బెంచీ మీద డ్రైవరూ ప్లంబరూ కూర్చున్నారు. రెండో దాని అంచున ఇస్త్రీ ఆవిడ.

కూర్చుందన్న మాటే గానీ ఆవిడ ప్రాణం బెంచీ మీద లేదు. చెప్పుల్లో కాళ్ళు కదులుతూనే ఉన్నాయి. చేతిరుమాలు వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

లాండ్రీలో పని చేసే మనిషి కదా, జనం జేబుల్లో ఏమేం మరిచిపోతారో ఆవిడకి తెలుసు. తాళాలు, ఉంగరాలు, ఒకసారైతే పళ్ళసెట్టు. అందుకే జేబంటే ఆవిడకి నమ్మకం లేదు. పాస్‌పోర్టుని కవరులో చుట్టి అన్నం డబ్బా సంచిలో, డబ్బా అడుగున పెట్టుకుని తిరిగేది. అన్నం డబ్బా ఎవడు ఎత్తుకుపోతాడులే అనుకుంది. బస్సు స్టాపులో ఒకడు ఎత్తుకుపోయాడు.

ఎంబసీకి వెళ్తే కిటికీ వెనకమ్మాయి ఒక్కటే మాట చెప్పింది. “ముందు పోలీసు స్టేషన్లో రాయించుకుని ఆ కాగితం తీసుకురండమ్మా. అది లేనిదే ఇక్కడ పని మొదలవదు.” గదిలో కలిసి ఉండేవాళ్ళేమో వద్దంటే వద్దన్నారు. “స్టేషనుకి వెళ్ళగానే ముందు పాస్‌పోర్టు చూపించమంటారు. లేదన్నావో, అక్కడే కూర్చోబెడతారు” అని. ఈ భయం ఎవరు మొదలుపెట్టారో గానీ ఆ గదుల్లో అందరికీ ఉంది. ఆవిడ స్టేషనుకి ఎదురుగా అవతలి పక్క అటూ ఇటూ నడిచి, దూరం నుంచే ఆ నీలం తలుపు చూసి, చూడనట్టు వెనక్కి వచ్చేసింది.

అక్కడ ఇంటి దగ్గర అక్కకి గుండె ఆపరేషను చెయ్యాలి. తల్లి పోయాక ఈవిణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క. “చెల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుంటే గానీ ఆ బల్ల ఎక్కను” అని డాక్టరుకే తెగేసి చెప్పింది. బావ రోజూ ఫోను చేస్తున్నాడు. “ఎప్పుడొస్తున్నావమ్మా? ఇది నా మాట వినడం లేదు.” పాస్‌పోర్టు పోయిందని ఆవిడ వాళ్ళకింకా చెప్పలేదు. ఇవాళ ఒక పూట సెలవు దొరికింది. అందుకే డ్రైవరు ‘నాదీ పోయింది’ అనగానే ప్రాణం లేచొచ్చింది.

“పోలీసులు ఏమడిగారన్నయ్యా?” అంది, గ్లాసుతో చెప్పినట్టు మెల్లగా.

“వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ముందు దొంగ సంగతి విను. స్టాపులో నిలబడ్డానా, వాడు సంచి లాగాడు, పరిగెత్తాడు, నేను ఊరుకుంటానా, వాడు సందులో దూరితే నేనూ దూరాను, వాడు గోడ దూకితే నేనూ దూకాను, చివరికి కదిలే బస్సు ఎక్కేశాడు వెధవ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సు వెంట పడ్డాను. పరిగెత్తి పరిగెత్తి బస్సుని దాటిపోయాను!”

“దాటిపోయావా!” టీ కొట్టు నడిపే అక్క పాలు కలపడం ఆపింది.

“అదే నేను చేసిన తప్పక్కా. ఆ ఊపులో ఆగలేకపోయాను. తర్వాతి స్టాపులో నిలబడి చెమట తుడుచుకుంటుంటే అప్పుడొచ్చింది బస్సు. దాని డ్రైవరు కిందికి దిగి నా కాళ్ళు తడిమి చూశాడు, ఇంజను ఎక్కడ పెట్టుకున్నానా అని. ఈ హడావుడిలో దొంగ అవతలి తలుపులోంచి జారుకున్నాడు.”

ప్లంబరుకి టీ పొలమారింది. “బాబాయ్, నిన్న వ్యాను దిగడానికి నా భుజం పట్టుకున్నావు.”

“నిన్నటి మాట వేరురా. ఇది నా కాళ్ళు కాళ్ళుగా ఉన్నప్పటి మాట.”

“పోలీసులు...” అంది ఆవిడ మళ్ళీ.

“పోలీసులా? నేను వెళ్ళలేదమ్మా, వాళ్ళే వచ్చారు. బస్సుని దాటిన మనిషెవరో చూద్దామని స్టేషను స్టేషనంతా వచ్చింది. దొంగ మొహం చూశావా అన్నారు. లేదు, వీపు చూశాను అన్నాను. అయితే ఆ వీపు బొమ్మ గీయమన్నారు. గీశాను. పెద్దాఫీసరు ఆ వీపు చూసీ చూడగానే ‘ఆరి వీడా!’ అని లేచి నిలబడ్డాడు.”

“మీ పాస్‌పోర్టు చూపించమన్నారా?”

“నన్నడిగే ధైర్యమా! అసలు కథ ఎంబసీ దగ్గరుంది, ఉండు. అక్కడ వరస ఎంత పొడుగంటే, దాని తోక మా గది గుమ్మం దగ్గరుంది. మంచం దిగి, పళ్ళు తోముకుంటూనే వరసలో నిలబడ్డాను.”

“పొద్దున పోయి సాయంత్రానికి వచ్చిందన్నావు, మధ్యలో మంచం ఎప్పుడెక్కావు బాబాయ్?”

“బస్సుని దాటొచ్చిన మనిషికి అలుపుండదూ? కునుకు తీశాను.”

ఇస్త్రీ ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. లేచింది. ఏదో ఒక్క పనికొచ్చే మాట రాకపోతుందా అని మళ్ళీ కూర్చుంది.

డ్రైవరుకి ఇప్పుడు ఊపొచ్చింది. “కిటికీలో ఆఫీసరు అడిగాడు కదా, నువ్వు నువ్వేనని రుజువేంటి అని. కాగితాలన్నీ సంచితో పోయాయి, రుజువెక్కడిది? ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఇంటికి ఫోను కలిపి, మా గేదెని ఫోను దగ్గరికి తీసుకురమ్మన్నాను. ‘ఏమే’ అన్నానంతే! అటునుంచి ఒక్క అరుపు అరిచింది చూడు, ఎంబసీ అద్దాలు గలగలమన్నాయి. ఆఫీసరు కళ్ళు తుడుచుకుని, ‘గేదె గుర్తుపట్టినది’ అని రాసుకుని, ఠపీమని ముద్ర కొట్టాడు.”

“గేదె వేలిముద్ర అడగలేదా?” అంది టీ కొట్టు అక్క.

“గిట్టముద్ర అక్కా. తర్వాత పోస్టులో పంపింది.”

అందరూ పడీపడీ నవ్వారు. ఇస్త్రీ ఆవిడకీ నవ్వొచ్చింది. వెంటనే ఇంటి దగ్గరున్న అక్క మొహం గుర్తొచ్చి, నవ్విన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

“నా ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, గోడకి తగిలించి ‘మొహం ఇలా పెట్టాలి’ అని జనానికి చూపించారు. పాస్‌పోర్టు పొగలు కక్కుతూ వచ్చింది, ఊదుకుంటూ పట్టుకున్నాను. ఇంతలో రాయబారిగారే లోపల్నుంచి వచ్చి, ‘అన్నా, నేను భోంచేసి వస్తాను, కాస్త నా కుర్చీలో కూర్చుంటావా’ అన్నారు. పెద్దమనిషి అడిగితే కాదంటామా? కూర్చున్నాను. ఆ పూట మనవాళ్ళకి ఇచ్చిన పాస్‌పోర్టులన్నిటి మీదా సంతకం నాదే. ఇప్పటికీ ఆ గుమ్మంలో నేను కనబడితే చాలు...”

“అయితే పదండన్నయ్యా.”

ఆవిడ లేచి నిలబడి ఉంది. ఆ గొంతు అంత గట్టిగా అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు.

“ఎక్కడికి?”

“ముందు స్టేషనుకి, ఆ తర్వాత ఎంబసీకి. మిమ్మల్ని చూస్తే లేచి నిలబడతారుగా. నేను మీ వెనకే వస్తాను. మాట కూడా మీరే మాట్లాడి పెట్టండి.”

డ్రైవరు గ్లాసులోకి చూశాడు. టీ ఎప్పుడో అయిపోయింది. “ఇవాళా? ఇవాళ వ్యాను...”

“వ్యాను షెడ్డులో ఉందిగా, బ్రేకులు చేస్తున్నారు” అన్నాడు ప్లంబరు.

“ఆ పెద్దాఫీసరికి బదిలీ అయిపోయిందమ్మా.”

“రాయబారిగారో?”

“ఆయనా మారారు.”

“మరి గేదె?” అంది టీ కొట్టు అక్క.

“గేదె... పోయింది పాపం.”

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆవిడ నవ్వలేదు. “పోనీ ఒక్కటి చెప్పండన్నయ్యా. ఆ స్టేషను నీలం తలుపు లోపలికి తొయ్యాలా, బయటికి లాగాలా?”

డ్రైవరు నోరు తెరిచాడు. బస్సు వచ్చింది, గోడలొచ్చాయి, గేదె వచ్చింది, ఇంత పెద్ద కథలో ఆ తలుపొక్కటే రాలేదు. చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. రోజంతా జేబులు తడిమే మనిషికి చూస్తేనే తెలిసిపోయింది. అందులో పాస్‌పోర్టు లేదు, లేక చాలా కాలమైంది. ఎవరు ఊరెళ్ళినా విమానం దగ్గర దింపొచ్చేది ఇతనే. ఇతను మాత్రం ఎన్నేళ్ళుగానో వెళ్ళింది లేదు. ఇక్కడ పని ఎక్కువ, సెలవు దొరకదు అంటుంటాడు.

ఆవిడ ఆ మాట పైకి అనలేదు. గ్లాసు తీసుకెళ్ళి కొట్టు మీద పెట్టింది. “సరేలెండి, వెళ్తే అదే తెలుస్తుంది” అని గబగబా నడిచింది.

ప్లంబరు తల దించుకున్నాడు. టీ కొట్టు అక్క మాత్రం ఊరుకోలేదు. “ఏమయ్యా డ్రైవరూ, బస్సునే దాటినవాడివి, ఆవిణ్ణి అందుకోలేవూ?”

అతను లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి, నడుం పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వీధి వెంట పరిగెత్తాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయాసంతో మాట రాలేదు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. కాస్త నెమ్మదిగా నడిచింది, అంతే.

నీలం తలుపుని తొయ్యక్కర్లేకపోయింది, లాగక్కర్లేకపోయింది. దగ్గరికి వెళ్ళగానే దానంతటదే పక్కకి జరిగింది. డ్రైవరు ఉలిక్కిపడి అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ లోపలికి వేసింది.

బల్ల వెనక కూర్చున్న పోలీసావిడ ఏం పోయిందని అడిగింది. ఇస్త్రీ ఆవిడ తనకొచ్చిన నాలుగు ముక్కల ఆ ఊరి భాషలో చెప్పింది. పాస్‌పోర్టు చూపించమని ఎవరూ అనలేదు. పోయిందంటే చూపించమని ఎవరంటారు? కుర్చీ చూపించారు. ఏ స్టాపు, ఎలాంటి సంచి, డబ్బా ఏ రంగు, అన్నీ అడిగి రాసి, ముద్ర కొట్టి కాగితం చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని మడవబోయి, సంచిలో పెట్టబోయి, ఏదీ నమ్మకం కుదరక రెండు చేతులా పట్టుకుంది. ఎంబసీ కిటికీ మూయడానికి ఇంకా వేళ ఉంది. ఇవాళ అక్కతో నిజం చెప్పొచ్చు.

“మీరెవరు? ఆవిడతో వచ్చారా?” అంది పోలీసావిడ, తలుపు దగ్గర నిలబడ్డ మనిషితో. ఆ తలుపు అతని వెనక మూసుకోలేక, తెరుచుకోలేక కొట్టుకుంటోంది.

డ్రైవరు లోపలికి వచ్చాడు. “నాదీ పోయిందండి.”

“ఎలా పోయింది?”

“బస్సు స్టాపులో. సంచి లాక్కుని పరిగెత్తాడు.”

“మీరు వెంటపడ్డారా?”

అతను ఒకసారి ఇస్త్రీ ఆవిడ వైపు చూశాడు.

“లేదండి” అన్నాడు. “నిలబడిపోయాను.”